తప్పు చిరునామాకు చేరిన కృతజ్ఞత

నూజివీడు,
22 జూన్ 1986, ఆదివారం.

శ్రీ ప్రభాకరరావుగారు, ఎం.ఏ.,
వారఫలాల విభాగం,
'జయకేతనం' దినపత్రిక కార్యాలయం,
విజయవాడ.

విషయం: కృతజ్ఞత – పొరపాటున నాకు బట్వాడా అయినది – అసలు హక్కుదారుకు మళ్లించుట గురించి.

సూచిక: 1. మే 5వ తేదీ తమ పత్రిక మూడవ పేజీలోని ఫొటో. 2. అదే తేదీ మా పత్రిక మొదటి పేజీలోని ఫొటో. 3. మనం మాట్లాడుకోని మూడేళ్ల పైచిలుకు కాలం.

అయ్యా,

తమరికీ, శ్రీమతి శారదగారికీ నా నమస్కారములు. తమరు కుశలమని తలుస్తాను. ఇక్కడ మా కుటుంబమూ, మా కిరాణా కొట్టూ, మొన్నటి గాలి వదిలిపెట్టినంత మేరకు కుశలం. ఇంతకాలం మౌనంగా ఉన్న మనిషి ఏ మాటతో ఉత్తరం మొదలుపెట్టాలో మన విశ్వవిద్యాలయంలో బోధించలేదు. అందువల్ల ప్రభుత్వ కార్యాలయాల పద్ధతిని ఆశ్రయించాను. ఆ పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. ఎదుటివారికి తెలిసిన సంగతులనే ఎదుటివారికి మొదటినుంచీ నివేదించవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ముఖాముఖి చెప్పలేని మాటలను 'విషయం' అన్న శీర్షిక కింద చెప్పేయవచ్చు.

మొదట ముఖ్యాంశం. చిన్నయ్య కాలు ఉంది. మోకాలి కింద విరిగిన రెండు ఎముకలూ అతుక్కుంటున్నాయనీ, నెలాఖరుకు కట్టు విప్పవచ్చుననీ విజయవాడ పెద్దాసుపత్రి డాక్టరుగారు చెప్పారు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే కాలు తీసివేయవలసి వచ్చేదని కూడా ఆయనే చెప్పారు. ఆ పూటను చిన్నయ్యకు మిగిల్చిన వ్యక్తి తమరు. అందుకు సంబంధించిన కృతజ్ఞత యావత్తూ ఏడు వారాలుగా నాకు అందుతూ వచ్చింది. దీనిని బట్వాడా లోపంగా గుర్తించి, సరిదిద్దడమే ఈ ఉత్తరం ఉద్దేశం.

ఇక నేపథ్యం. తమరూ నేనూ వాల్తేరులో రెండేళ్లు ఒకే గదిలో ఉండి, ఒకే బకెట్టుతో స్నానాలు చేసి, రాజనీతిశాస్త్రంలో పట్టాలు పుచ్చుకున్నాము. ఆ పిమ్మట తమరు, అధికార పక్షం తుమ్మినా అందులో ప్రజాసంక్షేమం కనిపెట్టే 'జయకేతనం'లో విలేకరిగా చేరారు. నేను కొట్టు చూసుకుంటూ, అదే పక్షం ఊపిరి తీసుకున్నా కుట్ర కనిపెట్టే 'ధర్మఘంట'కు నూజివీడు విలేకరినయ్యాను. కొంతకాలం దీనివల్ల స్నేహానికి ఇబ్బంది కలగలేదు. ఆ తరువాత తమ పక్షంవారు నూజివీడులో ఎన్నికల సభ పెట్టారు. ఇద్దరం కలిసే వెళ్లాము. వరుసలు లెక్కపెట్టి, వచ్చిన జనం ఆరువేలని కలిసే తేల్చాము. మర్నాడు తమ పత్రికలో అరవై వేలు, మా పత్రికలో ఆరువందలు అచ్చయ్యాయి. హనుమాన్ జంక్షన్ హోటల్లో టీ తాగుతూ తమరు నన్ను అబద్ధాలకోరన్నారు. నేను తమరిని అమ్ముడుపోయినవాడన్నాను. టీలు సగంలోనే వదిలేసి చెరొక బస్సు ఎక్కాము. ఆనాటినుంచి మన ఉత్తరప్రత్యుత్తరాలు పత్రికల ద్వారానే సాగుతున్నాయి. తమరు నన్ను 'ఒక వర్గం పత్రిక' అనీ, నేను తమరిని 'కొన్ని భజన పత్రికలు' అనీ పిలుచుకుంటున్నాము. నేను వాడిన బహువచనాన్ని గౌరవసూచకంగా స్వీకరించగలరు.

మే మూడవ తేదీ శనివారం సాయంత్రం నాలుగున్నరకు రెడ్డిగూడెం వైపు తోటల మీద గాలి పడింది. గంటన్నర ఆగకుండా వీచింది. రసాలు ఇంకా పది రోజులు చెట్టున ఉండవలసినవి, పచ్చికాయలుగానే రాలిపోయాయి. మా వైపు కోలగా, ముక్కుతో ఉండే ఒక రకం మామిడిని కలెక్టరు కాయ అంటారని తమరెరుగుదురు. ఆ సాయంత్రం అందరికన్నా ముందు నేలకు దిగిన కలెక్టర్లు అవే.

మర్నాటి పత్రికలు తమవద్ద భద్రంగా ఉండే ఉంటాయి. తమ పత్రిక శీర్షిక: 'కృష్ణాజిల్లాలో చిరుజల్లులు, మండుటెండలనుంచి ప్రజలకు ఊరట'. ఉష్ణోగ్రత తగ్గుదలకు దారితీసిన పాలనా విధానాలను రెండవ పేరాలో వివరించి, ఎవరికీ దెబ్బలు తగలలేదని మూడవ పేరాలో ప్రకటించారు. మా పత్రిక శీర్షిక: 'కృష్ణాజిల్లా నేలమట్టం'. జిల్లా నేలమట్టమైన ఆ ఉదయం నేను కొట్టు తెరిచి, ఇద్దరు బేరగాళ్లకు కందిపప్పు తూచి, మా పత్రికలో ఆ వార్త చదువుకున్నాను. రెండువందల చెట్లు కూలాయని ముందురోజు సాయంత్రం నేను టెలిఫోనులో చెప్పిన అంకె, బందరు రోడ్డులోని మా డెస్కుకు చేరేసరికి రెండు లక్షలకు పెరిగింది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడటానికి అధికార పక్షం అలసత్వమే కారణమని మా సంపాదకీయం నిరూపించింది. ఒకే గాలి, తమ చందాదారుల ఇళ్లమీదుగా పిల్లగాలిలాగానూ, మా చందాదారుల ఇళ్లమీదుగా ప్రళయంలాగానూ వీచింది. వాతావరణ శాస్త్రంలో దీనికి ఇంకా సూత్రం కనిపెట్టలేదు.

ఈ రెండు గాలులకూ సంబంధం లేని మూడవ గాలి ఒకటి చిన్నయ్య పాక మీద వీచింది. చిన్నయ్య, కనకమ్మ రెడ్డిగూడెం దాపున ఒక తోటకు కావలి మనుషులు. కాయ దిగే మూడు నెలలూ చెట్లకిందే పాక వేసుకుని కాపురం. గాలికి పెద్దరసం కొమ్మ విరిగి పాక మీద పడింది. చిన్నయ్య కాలు దానికింద ఇరుక్కుంది. పదిమందీ కొమ్మ లేపి లాగారు. ఊళ్లో వైద్యం చేసే ఆర్.ఎం.పి. వచ్చి, వెదురు దబ్బలు పెట్టి కట్టి, ఎముక బయటికి వచ్చిందమ్మా, ఇది నా చేతిలో పని కాదు, తెల్లారేసరికి బెజవాడ చేర్చు అని చెప్పి వెళ్లాడు. తెల్లవారింది. రోడ్డుమీద చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి. ఎడ్లబండిలో వేస్తే ఆ కుదుపులకు ప్రాణం ఉండదన్నారు. కనకమ్మ తమ్ముడు పోతురాజు ఏదైనా మోటారు దొరుకుతుందేమోనని మైలవరం వైపు నడుచుకుంటూ పోయాడు.

ఇక్కడ ఒక సాంకేతిక వివరం మనవి చేయాలి. రెండు పత్రికలవారికీ అది తెలియకపోవడం వల్లనే తరువాతి సంగతులన్నీ జరిగాయి. రాలిన కాయను ఎండ తగలకముందే ఏరి, కుప్ప పోసి, మీద ఆకు కప్పడం మా తోటల పద్ధతి. ఎండకు కమిలిన కాయ ఊరగాయకు కూడా పనికిరాదు. ఆ కుప్పకోసమే లారీ వస్తుంది, ట్రాక్టరు వస్తుంది. తోటలోకి ఏ చక్రం వచ్చినా కుప్ప దగ్గరే ఆగుతుంది. కనకమ్మ ఇరవయ్యేళ్లుగా తోటల్లో ఉన్న మనిషి. అందుకే భర్తను ఇరుగుపొరుగు ఆడవాళ్లకు అప్పగించి, తాను వచ్చి కుప్ప పక్కన నిలబడింది. ఆమె అక్కడ కాయలకోసం లేదు. చక్రాలకోసం ఉంది.

ఉదయం తొమ్మిదిన్నరకు మా ఫొటోగ్రాఫరు సువర్ణరాజు మోటారుసైకిలు వెనక కూర్చుని నేను తోటకు చేరాను. సువర్ణరాజు కుప్పను చూసి బాగా నిరాశపడ్డాడు. ఇదేంటండీ, సంతలో పేర్చినట్టు పేర్చారు, నష్టం కనపడొద్దా అని ఆడవాళ్లను కోప్పడ్డాడు. రెండు గంపల కాయ చెట్లకింద చల్లమన్నాడు. పొద్దున్నుంచీ నడుములు ఇరిగేలా ఏరింది మళ్లీ పారబొయ్యాలా, ఇదేం చోద్యమమ్మా అని ఒకామె అంది. పేపర్లో పడతదే అని పక్కనామె సర్దిచెప్పింది. పడితే, కాయ మళ్లీ చెట్టెక్కుద్దా అని మొదటామె అడిగింది. అయినా చల్లారు. సువర్ణరాజు కుప్పనూ, చల్లిన కాయలనూ, మధ్యలో కనకమ్మనూ కలిపి తీశాడు. ఫొటో అయీ అవగానే ఆడవాళ్లు ఒక్క కాయ విడవకుండా ఏరి మళ్లీ కుప్పలో పోశారు. పునరావాసం ఇంత త్వరగా పూర్తయిన విపత్తు మా పత్రిక చరిత్రలో మరొకటి లేదు.

పది గంటలకు తమ జీపు వచ్చింది. దారిలో పడిన చెట్లను నరికించుకుంటూ వచ్చారని తరువాత తెలిసింది. తమరు దిగారు. నన్ను చూశారు. నేనూ చూశాను. ఆ తరువాత ఇద్దరమూ ఒకరినొకరు చాలా శ్రద్ధగా చూడలేదు. తమరు కెమేరా తీసి, నిండుగా ఉన్న కుప్పనూ, పక్కన కనకమ్మనూ తీశారు. నష్టం లేదని చూపించమని తమకు ఆదేశం ఉన్నదని నాకు తెలుసు. ఉన్నదని చూపించమని నాకున్నది. ఆదేశాల విషయంలో మనిద్దరిదీ ఒకే ఉద్యోగం.

ఆ రెండు ఫొటోలూ కత్తిరించి జతపరుస్తున్నాను. పక్కపక్కన పెట్టి చూడగలరు. ఒకే మనిషి, ఒకే ఎర్రంచు చీర, ఒకే కుప్ప. రెండింటిలోనూ కనకమ్మ కుడిచెయ్యి చాచి ఉంది. మా పత్రిక కింద రాసినది: 'సర్వం కోల్పోయి చెయ్యి చాచి సాయం అర్థిస్తున్న అభాగ్యురాలు'. తమ పత్రిక రాసినది: 'విరగ్గాసిన మామిడి దిగుబడిని సగర్వంగా చూపిస్తున్న మహిళా రైతు'. రెండు పత్రికలకూ కలిపి లక్షలమంది పాఠకులున్నారు. ఆ చెయ్యి కాయలవైపు లేదనీ, ఆకాశంవైపు లేదనీ, చెట్ల వెనకనున్న పాక వైపు ఉన్నదనీ వారిలో ఎవరికీ తోచే అవకాశం లేదు. ఆ చేతిని ఎదురుగా చూసిన పత్రికలవాళ్లం ముగ్గురం. అది ఎటు చూపిస్తోందని వెనక్కి తిరిగి చూసినవారు తమరొక్కరే.

నేను అక్కడే ఉన్నాను గనుక సాక్షిగా రాస్తున్నాను. తమరు కెమేరా దించారు. ఏంటమ్మా అక్కడ అని అడిగారు. ఆమె నావైపు చూసింది. తమరు మళ్లీ అడగలేదు. కెమేరా జీపులో పడేసి పాకవైపు నడిచారు. వెళ్లేటప్పుడు నడక, వచ్చేటప్పుడు పరుగు.

తరువాతి అరగంటలో తమరు జారీచేసిన ఉత్తర్వులన్నీ నాకు గుర్తున్నాయి. జీపు వెనక సీటు ఊడదీయమన్నారు. పాకలోని నులకమంచం కాళ్లు కోయించి, పడక మాత్రం జీపులోకి ఎక్కించారు. కాలి కింద మెత్తగా ఏదైనా కావాలన్నప్పుడు ఇంకా విప్పని ఆనాటి 'జయకేతనం' కట్టలు నాలుగు తీసి, తువ్వాలు పరిచి, వాటిమీద కాలు పెట్టించారు. తమ పత్రికపై నేను లోగడ చేసిన విమర్శలన్నిటికీ కట్టుబడి ఉంటూనే, ఆ ఉదయం అది ఒక బాధితుడికి ఆసరాగా నిలిచిందన్న వాస్తవాన్ని నమోదు చేస్తున్నాను. గాలివార్తల సంచికలలో అంత ఉపయోగపడినది నేను మరొకటి చూడలేదు. మావి కూడా కలుపుకొని.

డ్రైవరు నరసింహులు తల గోక్కుంటూ, సార్, ఆఫీసోళ్లు అడుగుతారండీ, ట్రిప్ షీట్‌లో ఏం రాయమంటారు అని అడిగాడు. తమరు, చిన్నయ్య అని రాయి, కాలు విరిగిందని రాయి అన్నారు. మనమే ఎవరికీ దెబ్బల్లేవని రాస్తే ఎలాగండీ అన్నాడు నరసింహులు. నువ్వు రాసేది పేపరు కాదుగా, ట్రిప్ షీటేగా అన్నారు తమరు. ఆనాడు రెండు పత్రికల కార్యాలయాలలోనూ నమోదైన ఏకైక నిజం ఆ ట్రిప్ షీటులోదే. దారిలో పోతురాజును ఎక్కించుకున్నారనీ, మైలవరం దాటాక ఇంకో చెట్టు అడ్డంగా ఉంటే తమరే గొడ్డలి పట్టారనీ, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆసుపత్రిలో చేర్చి, రాత్రిదాకా అక్కడే ఉన్నారనీ పోతురాజు చెప్పాడు. బొబ్బలెక్కిన ఆ అరచేతులతో తమరు ఆ రాత్రి వార్త ఎలా రాశారో నాకు తెలియదు. అచ్చయిన వార్తలో మాత్రం మళ్లీ 'ఎక్కడా ఎవరూ గాయపడిన దాఖలాలు లేవు' అని ఉంది. అది తమ వాక్యం కాదని నాకు తెలుసు. తమ వాక్యాల్లో 'దాఖలాలు' ఉండవు.

మా పత్రిక సంగతి కూడా నివేదించాలి. ఒకరికి తీవ్రగాయమని నేను చెప్పాను. ప్రతిపక్షానికి చెందినవాడా అని డెస్కువారు అడిగారు. కావలివాడండీ అన్నాను. ఎలా తీసుకెళ్లారు అంటే, జయకేతనం జీపులో అన్నాను. అవతలివారు టెలిఫోను పెట్టేశారు. మర్నాడు, 'ఒకరు మృతి?' అని ప్రశ్నార్థకంతో వేశారు. వార్డులో పక్క మంచం వాళ్ల చుట్టం అది పైకి చదివాడట. కనకమ్మ లేచి వెళ్లి భర్త ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి వచ్చిందట.

తమరిపై జరిగిన చర్య గురించి పోయిన వారం హనుమాన్ జంక్షన్‌లో నరసింహులు కలిసినప్పుడు తెలిసింది. మెమోలోని వాక్యం అతను కంఠతా పట్టాడు: 'గాయపడినవారెవరూ లేరని మన పత్రిక ప్రకటించిన రోజున, మన జీపులో గాయపడిన వ్యక్తి ప్రయాణించుట పత్రిక విధానమునకు విరుద్ధము.' తర్కశాస్త్రరీత్యా ఈ వాక్యంలో దోషం లేదు. దానితో తమరిని వార్తలనుంచి తప్పించి వారఫలాలకు మార్చారట. పాత సంచికలు తిరగేసి చూస్తే, జూన్ మొదటి వారం తులారాశివారికి 'వాహనయోగం, బంధుసహాయం' అని పడి ఉంది. చిన్నయ్యది తులారాశి అని ఎవరైనా తమకు చెప్పారో, తమరే ఊహించారో తెలియదు. అతనికి చదివి వినిపించాను. వాహనయోగం పాత బాకీలో జమ చేసుకోమన్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. తమరు ఆ రోజు పేరు చెప్పకుండానే వెళ్లిపోయారు. ఆసుపత్రిలో కూడా రాయించలేదు. తోటలో మిగిలినవాణ్ణి నేను. ఆ ఉదయం నేను పుస్తకం తీసి చిన్నయ్య పేరు రాసుకున్నాను. ఆ తరువాత జీపు వచ్చింది. ఆఫీసువాళ్లు పుస్తకంలో పేరు రాసుకుంటేనే ఏదైనా వస్తుందని కనకమ్మకు అనుభవం. కనుక నేను రాయడంవల్లనే జీపు వచ్చిందని ఆమె నిశ్చయించుకుంది. పోతురాజు ఆ జీపు మీ పేపరోళ్లది కాదంట కదండీ అని ఒకసారి అన్నాడు. ఎవళ్లదైతే ఏంటిరా, రాసింది బాబే కదా అని ఆమె వాడి నోరు మూయించింది. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చిన దగ్గరనుంచి నాలుగు శనివారాలు నూజివీడు వచ్చి, మా కొట్టుముందు నిలబడి, నన్ను చల్లగా ఉండమని దీవించింది. మా అమ్మ వరలక్ష్మమ్మ ఆ దీవెనలు విని, ఇన్నాళ్లకు నా చదువు ఎవరికో పనికొచ్చిందని ఆనందించింది. ఆ ఆనందం కూడా తమదే. దానిని కూడా ఈ ఉత్తరం ద్వారా మళ్లిస్తున్నాను.

నా తరఫున విడిగా ఒక మనవి. మనం మాట్లాడుకోని ఈ మూడేళ్లలో, తమరు పూర్తిగా ఆ పత్రికగా మారిపోయి ఉంటారని నేను నమ్మాను. నమ్మడం నాకు సౌకర్యంగా కూడా ఉండేది. ఆ రోజు పాకనుంచి తమరు పరుగెత్తుకు వస్తుంటే, వాల్తేరులో నాకు కామెర్లు వచ్చినప్పుడు మెట్లు రెండేసి దిగి రిక్షాకోసం పరుగెత్తిన మనిషే కనిపించాడు. పత్రికకు అన్నీ ఇచ్చినా, తమరు దానికి ఇవ్వనిది ఒకటి మిగిలిందని తెలిసింది. ఒక కాలు దక్కినందుకు చిన్నయ్య కుటుంబం ఎంత రుణపడి ఉన్నదో, ఈ సంగతి తెలిసినందుకు నేను అంతకు తక్కువ కాకుండా రుణపడి ఉన్నాను. నరసింహులుకు, చెట్లు నరికిన దారినపోయేవారికి, మంచం మోసిన ఆడవాళ్లకు కూడా తమద్వారా, నాద్వారా, ఎవరిద్వారా వీలైతే వారిద్వారా వందనాలు.

పైన వివరించిన కృతజ్ఞతను తమరు దయతో స్వీకరించగలరనీ, రసీదు పంపనవసరం లేదనీ మనవి.

ఇట్లు,
తమ ఒకప్పటి గదివాసి,
పాండురంగారావు, ఎం.ఏ.,
'ధర్మఘంట' విలేకరి, నూజివీడు.

జతపరచినవి: ఫొటోలు రెండు.

తా.క.: ఒరే ప్రభాకరం, సంతకం పెట్టాక ఉత్తరం మడవబోయి మడవలేకపోయాను. పైన రాసిందంతా నిజమే. నిజమంతా మాత్రం పైన లేదు.

నువ్వు రావడానికి అరగంట ముందే కనకమ్మ నాకు చెప్పింది. మేం బండి దిగీ దిగగానే ఎదురొచ్చి, బాబూ, మా ఆయన కాలు ఇరిగిపోయిందండీ, పాకలో ఉన్నాడు, ఒక్కసారి చూడండి, బెజవాడ పంపే దారి చూడండి అంది. మోటారుసైకిలు మీద అలాంటి కాలును తీసుకుపోలేం, అది నిజం. కాని నేను ఆమెతో అన్నది అది కాదు. ఉండమ్మా, ముందు ఫొటో కానీ, ఎండెక్కితే బాగా రాదు అన్నాను. పేరు రాసుకున్నాను. పాక ఏభై అడుగుల్లో ఉంది. వెళ్లలేదు.

తర్వాత నీ జీపు మలుపు తిరగడం చూశాను. మీ పేపరు పేరు చూశాను. ఆమె జీపుకు ఎదురు పరుగెత్తబోయింది. నేను ఆపాను. వాళ్లతో ఒక్క మాట మాట్లాడకు, నష్టమే లేదని రాసేవాళ్లు వాళ్లు, నువ్వేం చెప్పినా తిప్పి రాస్తారు, మీ ఆయన సంగతి నేను చూస్తాగా అన్నాను. చదువుకున్నవాణ్ణని నమ్మింది. నువ్వు అడిగినప్పుడు నావైపు చూసింది అందుకే. చెయ్యి చాపొద్దని మాత్రం నేను చెప్పలేదు, తోచక.

నువ్వు చూసి ఉండకపోయినా సాయంత్రంలోగా నేను ఏదో ఒకటి చేసేవాణ్ణేమోనని ఏడు వారాలుగా అనుకుంటున్నాను. డాక్టరు చెప్పిన పూట గురించి వింటే, ఆ 'ఏమో' నాకే సరిపోవడం లేదు.

నిన్న కనకమ్మ వచ్చినప్పుడు ఇదంతా ఆమెకు చెప్పేశాను. కొట్టుముందు నిలబడి మొత్తం విన్నది. తిట్టలేదు. నీ పేరేంటని అడిగింది. చెప్పాను. ఆ బాబు బాగున్నాడా అంది. ఆ జీపు సంగతి పట్టుకుని జాతకాలు రాసే పనిలో వేశారని చెప్పాను. మా ఆయన్ని మోసినాయన్ని అట్టా చేశారా, మరి మిమ్మల్ని మీ పేపర్లో ఉంచారాండీ అని అడిగింది. ఎత్తిపొడుపు కాదురా. తెలుసుకుందామనే అడిగింది. ఉంచారు అన్నాను.

జూన్ ముప్పయ్యో తారీకు, సోమవారం పొద్దున పెద్దాసుపత్రిలో చిన్నయ్యకు కట్టు విప్పుతారు. నువ్వు వస్తే తప్ప విప్పించుకోనని అతను మంకుపట్టు పట్టాడు. మొగుడూ పెళ్లాలతో బస్సులో నేనూ వస్తున్నాను. నన్ను చూడటానికి రమ్మని అడగను, ఆ ముఖం నాకు లేదు. వాళ్లకోసం రా. నేను బయట మెట్లమీద కూర్చుంటాను. పిలిస్తే లోపలికి వస్తాను.

– పాండు